వైఫైలో నిమిషానికోసారి పింగ్ 200 దాటుతోంది, స్కానింగ్ ఆపడం ఎలా?

కేబుల్ మీద రూటర్‌కి (192.168.1.1) పింగ్, అంటే సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, 1 మిల్లీసెకను లోపే. అదే ల్యాప్‌టాప్‌ని వైఫైకి మారిస్తే 3, 4 దగ్గర ఉంటూ, సరిగ్గా నిమిషానికోసారి 200 దాటి, రెండు మూడు పింగ్‌ల తర్వాత దిగిపోతోంది. రూటర్ దగ్గరే ఆలస్యం కాబట్టి ఇంటర్నెట్ లైన్‌ని అనుమానించక్కర్లేదు.

5 గిగాహెర్ట్జ్, ఛానల్ 36, వెడల్పు 80 మెగాహెర్ట్జ్. సిగ్నల్ -52 డీబీఎం, బలంగానే ఉంది. వెడల్పు 40కి తగ్గించినా, ల్యాప్‌టాప్ వైఫై కార్డు పవర్ సేవింగ్ ఆపినా అదే వరస. పక్కవాళ్ల వైఫై రద్దీ అయితే ఇలా గడియారం కొట్టినట్టు రాదు. పైగా అదే సమయంలో ఫోన్‌లో పింగ్ నిలకడగా ఉంది. కార్డు వేరే ఛానళ్లను వెతకడానికి కాసేపు మన ఛానల్ వదిలేస్తోందనిపిస్తోంది.

విండోస్‌లో కనెక్షన్ పోకుండా ఈ స్కానింగ్ ఒక్కటే ఆపే దారి ఉందా? రోమింగ్ అగ్రెసివ్‌నెస్‌ని (మెరుగైన సిగ్నల్ కోసం కార్డు ఎంత చురుగ్గా వెతకాలో చెప్పే సెట్టింగ్) లోయెస్ట్‌లో పెడితే చాలా, లేక డ్రైవర్ మార్చాలా? దయచేసి చెప్పండి.