జియోజెబ్రాలో అర్థమవుతోంది, గ్రాఫ్ పేపర్ మీద రావట్లేదు. ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. పదో తరగతి బహుపదుల పాఠం ఈసారి క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద, గ్రాఫ్‌లు గీసి చూపించే జియోజెబ్రా సాఫ్ట్‌వేర్‌తో చెబుతున్నాను. స్లైడర్ జరిపి వర్గపదం గుణకాన్ని ధన విలువ నుంచి రుణ విలువకు తెస్తే, పైకి తెరుచుకున్న పరావలయం కిందికి తిరగబడుతుంది. మధ్యలో సున్నా దగ్గర ఒక్క క్షణం సరళరేఖ అయిపోతుంది, అక్కడ క్లాసంతా "ఓ" అంటుంది. వక్రం ఎక్స్ అక్షాన్ని తాకిన చోటే బహుపది శూన్యం (దాని విలువను సున్నా చేసే ఎక్స్ విలువ) ఉంటుందని వెనక బెంచీవాళ్లూ చెప్పేస్తున్నారు.

తంటా అంతా గ్రాఫ్ పేపర్ దగ్గరే. మైనస్ 2 వర్గం 4 అయితే, మైనస్ 4 అని పట్టికలో రాస్తారు. బిందువులను స్కేలు పెట్టి కలుపుతారు! పబ్లిక్ పరీక్షలో చేత్తోనే గీయాలి కదా, అదే నా టెన్షన్.

ముందు చేత్తో గీయించి తర్వాత స్క్రీన్ మీద సరిచూసుకోమనడం మేలా, ఇప్పటిలా ముందే చూపించడం మేలా? రెండూ చేసి చూసినవాళ్లు చెప్పండి. ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు తక్కువ. నెట్ లేకపోయినా జియోజెబ్రా నడుస్తుంది కాబట్టి ఆ బాధ లేదు. కానీ ఒక్కో సిస్టమ్ దగ్గర నలుగురిని కూర్చోబెడితే మౌస్ ఒకడి చేతిలోనే ఉండిపోతోంది. దీనికేమైనా ఉపాయం ఉందా? తెలుగు మీడియం పిల్లలకు పనికొచ్చే వర్క్‌షీట్లు ఉన్నా పంపగలరు.