పలాస జీడిపప్పు ఏ రకం అంగడి (మార్కెట్) కిందికొస్తుంది?

ప్రశ్న: పలాస–కాశీబుగ్గలో కార్ఖానాలు చాలా ఉన్నాయి కదా మాస్టారూ, పరీక్షలో సంపూర్ణ పోటీ (అమ్మేవాళ్ళు బోలెడు, సరుకు ఒకటే, ధర ఏ ఒక్కరి చేతిలోనూ ఉండదు) అని రాసెయ్యొచ్చా?

జవాబు 1: టోకు వరకే రాయండి. డబ్ల్యూ-320 అనే గ్రేడు అంటే పౌనుకి (సుమారు 454 గ్రాములకి) 300–320 పప్పులు. ఎవరి సరుకైనా ఒకటే. కిలోకి 5 రూపాయలు ఎక్కువ చెప్పారా, బేరం పక్క కొట్టుకి పోతుంది. అందుకే ధర = సగటు రాబడి (ఒక్కో కిలోకి సగటున వచ్చేది) = ఉపాంత రాబడి (ఇంకో కిలో అమ్మితే అదనంగా వచ్చేది).

జవాబు 2: అదే పప్పు వేయించి, ఉప్పుకారం జల్లి, పేరున్న ప్యాకెట్లో పెడితే ఏకస్వామ్య పోటీ (అమ్మేవాళ్ళు చాలామందే, కానీ ఎవరి సరుకు వారిదే), డిమాండు రేఖ కిందికి వాలుతుంది. ఉద్దానం రైతు వైపు ఇంకో కథ. జీడి పిక్కలు అమ్మేవాళ్ళు బోలెడు, కొనేవాళ్ళు కొద్దిమంది. దాన్ని ఏకస్వామ్యం (అమ్మేవాడు ఒక్కడే) అని రాస్తే మార్కులు గోవిందా!

జవాబు 3: టోకు సంపూర్ణ పోటీకి గీసే పటంలో ఉపాంత వ్యయ (ఇంకో కిలో తయారీకి అయ్యే అదనపు ఖర్చు) రేఖ పైకి లేస్తూ ఉపాంత రాబడిని ఖండించాలి, దిగుతూ కాదు. ధర సగటు చర వ్యయం (పిక్కలు, కూలీలాంటి, ఉత్పత్తితో మారే ఖర్చు, కిలోకి) కంటే తగ్గితే బాయిలర్ ఆపెయ్యడమే. షెడ్డు అద్దె మాత్రం ఆపినా నడిపినా ఎలాగూ తప్పదు.