ఇటాలిక్ నిబ్బుని "వాలు పాళీ" అనొచ్చా?

అందరికీ నమస్కారం. ఫౌంటెన్ పెన్ వాడేవాళ్ళు గ్రూపులో చాలామందే ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. నిబ్బుకి మనకి పాళీ అనే చక్కటి మాట ఉంది, మరి ఇటాలిక్ నిబ్బుకి? ఒకచోట "వాలు పాళీ" అని చూశాను, ప్రింటులో ఇటాలిక్స్‌ని వాలు అక్షరాలు అంటాం కదా, అందులోంచి వచ్చినట్టుంది. అలాగే మామూలు పాళీని ఇటాలిక్‌గా గ్రైండ్ చేయించడాన్ని ఏమనాలి? చెక్కించడమా, సానబట్టించడమా?

—

వాలు పాళీ మాత్రం వద్దండీ. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త 1501లో ఆ అచ్చు అక్షరాలు తెచ్చాడు, అవి అప్పటి ఇటలీ వాళ్ళ చేతిరాతని చూసి పోతపోసినవి, ఆ రాత కాస్త వాలుగా ఉండేది కాబట్టి అచ్చులో ఇటాలిక్ అంటే వాలు అయిపోయింది. పెన్ను దగ్గర సంగతి వేరు. ఇటాలిక్ పాళీ కొస గుండ్రంగా కాకుండా అడ్డంగా, తిన్నగా, పల్చగా ఉంటుంది, అంతే. కొస నిజంగానే ఏటవాలుగా కోసిన పాళీలు ఉన్నాయి, వాటిని ఆబ్లిక్ అంటారు, వాలు పాళీ అన్న పేరు వాటికి దాచిపెట్టండి. ఇటాలిక్ నిబ్బుని "ఉలి పాళీ" అంటే సరిపోతుంది, కొస అచ్చం ఉలి అంచులాగే ఉంటుంది.

దీంతో తెలుగు రాసి చూడండి, చాలా బాగుంటుంది. పెన్ను నలభై అయిదు డిగ్రీల కోణంలో పట్టుకుని తలకట్టు పెడితే కిందకి దిగే చిన్న గీత లావుగా, పైకి లేచే పొడుగు గీత వెంట్రుకంత సన్నగా వస్తుంది. సున్న చుడితే పైన ఎడమవైపు, కింద కుడివైపు సన్నం, మిగతా రెండు వైపులా లావు. తాటాకు మీద గంటం గీత అంతా ఒకే మందం, ఈ లావు సన్నాల అందం అక్కడ దొరకదు.

—

ఉలి పాళీ బాగుంది సర్. కానీ సానబట్టడం అంటే పదును పెట్టడం అనే అర్థం వస్తుందేమో, ఇక్కడ మరీ పదునెక్కితే కాగితం చిరుగుతుంది కదా?

—

నిజమేనండీ, అందుకే నేను "అరగదీయించడం" అంటాను. చెక్కడం రెల్లు కలానికీ వెదురు కలానికీ సరిపోతుంది, చాకుతో చెక్కుతాం కాబట్టి. లోహం పాళీని చాలా నున్నటి రాపిడి కాగితం మీద కొంచెం కొంచెంగా రుద్ది కొసని చదును చేస్తారు, ఆ తర్వాత రెండు మూలలూ మెత్తబరుస్తారు. మూలలు అలాగే వదిలేస్తే క్రిస్ప్ ఇటాలిక్, కొద్దిగా గుండ్రం చేస్తే కర్సివ్ ఇటాలిక్, బాగా గుండ్రం చేస్తే స్టబ్. మన అక్షరాల్లో మలుపులే ఎక్కువ, క్రిస్ప్ అయితే ప్రతి మలుపులోనూ మూల కాగితానికి పట్టుకుంటుంది, కాబట్టి తెలుగుకి కర్సివ్ గానీ స్టబ్ గానీ చేయించుకోండి.

—

థాంక్సండీ, అరగదీయించడం ఖాయం చేసుకున్నా. నా దగ్గర ఉన్నది ఫైన్ (సన్నగా రాసే) పాళీ, దాన్నే ఇచ్చేయొచ్చా?

—

ఫైన్‌లో అరగదీయడానికి ఏముంటుందండీ, కొసన ఉన్న గట్టి లోహపు గుండే చిన్నది. లావుగా రాసే బ్రాడ్ గానీ ఇంకా లావైన డబుల్ బ్రాడ్ గానీ తీసుకోండి, ఆ గుండు ఒకసారి అరిగిపోతే మళ్ళీ రాదు కాబట్టి ఖరీదైన బంగారు పాళీతో మొదలుపెట్టకండి, కాన్పూర్‌లో తయారయ్యే స్టీలు పాళీలు చవగ్గా దొరుకుతాయి. అసలు అరగదీయించకుండా రెడీమేడ్ కావాలంటే లామీ కంపెనీ పాళీల్లో 1.1, 1.5, 1.9 మిల్లీమీటర్లవి ఉన్నాయి, కానీ మామూలు రూళ్ళ నోటుబుక్కులో 1.1 కూడా మనకి లావే, ఘ, ఝ లాంటివి పూడుకుపోతాయి, ఒత్తుల సంగతి చెప్పక్కర్లేదు. 0.7, 0.8 దగ్గర ఉండేట్టు అరగదీయమని చెప్పండి. పెన్ను ఇచ్చేటప్పుడు మీరు పట్టుకునే తీరు ఫోటో తీసి, ఒక పేజీ తెలుగు రాసి జతచేయండి, ఇంగ్లీషు రాతని చూసి చేస్తే కోణం మీ చేతికి కుదరకపోవచ్చు.