1966 ఎమ్‌జీబీ: ట్యాంకు నిండా పోస్తే పెట్రోలు కారుతోంది, ముప్పావుకు దిగాక ఆగిపోతోంది

ఎర్రబండి (చిత్తూరు):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1981లో మద్రాసులో కొన్న ఎమ్‌జీబీ మా ఇంట్లో ఉంది. 1966లో తయారైన, టాపు దించే రెండు సీట్ల ఇంగ్లండు కారు. 1798 సీసీ ఇంజన్, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు. నాన్నగారికి ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్లు. నడపడం మానేసి నాలుగేళ్లయింది. కానీ ఆదివారం పొద్దున నేను బండి బయటికి తీస్తే, టాపు దించి పక్క సీట్లో కూర్చుని కాణిపాకం దాకా వస్తారు. వారమంతా ఆ గంట కోసమే ఎదురుచూస్తారు.

కిందటి నెల పలమనేరు వెళ్దామని ట్యాంకు నిండా పట్టించాను. మొగిలి ఘాట్ ఎక్కుతుండగా "పెట్రోలు వాసన వస్తోంది, ఆపమ్మా" అన్నారు. నాకు తెలియలేదు. దిగి డిక్కీ తెరిస్తే గుప్పుమంది. కుడి వెనక చక్రం దగ్గర రోడ్డు మీద చుక్కలు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాం. ఇంటికొచ్చాక కింద రేకు పళ్లెం పెట్టి నాలుగు రోజులు చూశాను. మొదటి రాత్రి పళ్లెంలో పెట్రోలు నిలిచింది, తర్వాత తగ్గుతూ వచ్చి, ముల్లు ముప్పావు దగ్గరికి రాగానే పూర్తిగా ఆగింది. మళ్లీ నిండా పోస్తే మళ్లీ మొదలు.

ఒక షెడ్డులో కింద నుంచి ఎపాక్సీ ముద్ద మెత్తి ఎనిమిది వందలు తీసుకున్నారు. మూడో రోజుకే అంచు లేచిపోయింది. మరో షెడ్డువారు ట్యాంకు దించి గ్యాస్ వెల్డింగ్ పెడతామంటున్నారు. పెట్రోలు తీసేశాక భయమేమీ లేదట. నాన్నగారు మాత్రం వద్దే వద్దంటున్నారు. ఏం చేయాలో తెలిసినవారు చెప్పండి.

నగరి రోడ్డు:

మేడం, ముందు మీటరు యూనిట్ (ట్యాంకులో పెట్రోలు ఎంతుందో ముల్లుకు చెప్పే భాగం, రింగుతో బిగించి ఉంటుంది) వాషర్ చూడండి. ఎమ్‌జీబీలో అది ట్యాంకు కుడి పక్కనే ఉంటుంది, మీకు చుక్కలు పడుతున్నదీ కుడివైపే. రబ్బరు ఎండిపోతే అచ్చం ఇలాగే కారుతుంది. అందాకా బట్టల సబ్బు గట్టిగా రుద్దండి, పెట్రోలుకు సబ్బు కరగదు. ఇల్లు చేరడానికి పనికొస్తుంది, అంతకు మించి దాన్ని నమ్మకండి.

మాటుపని (తిరుపతి):

అమ్మా, నాన్నగారి మాట వినండి. గ్యాస్ మంటను ఆ ట్యాంకు దగ్గరికి రానివ్వకండి. కరకంబాడి రోడ్డులో ముప్ఫై ఆరేళ్లు రేడియేటర్లకూ పెట్రోలు ట్యాంకులకూ మాట్లు (తగరం కరిగించి వేసే అతుకులు) వేసి బతికినవాణ్ని, చూసిన సంగతే చెబుతున్నాను.

నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకుకే ఎక్కువ భయపడాలి. పెట్రోలు ద్రవంగా పేలదు, దాని ఆవిరి గాలిలో కలిస్తే పేలుతుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే చాలు. "పెట్రోలు తీసేశాం" అన్న ట్యాంకులో సరిగ్గా అదే ఉంటుంది. మూలల్లో, అతుకుల్లో, తుప్పు పొరల్లో మిగిలిన చెమ్మ వేడి తగలగానే ఆవిరవుతుంది. 1994లో మా పక్క షెడ్డు కుర్రవాడు రెండు రోజులు ఎండలో ఆరబెట్టిన డ్రమ్ముకు మంట పెట్టాడు. డ్రమ్ము అడుగు ఊడి వచ్చి ముఖానికి తగిలింది. ఒక కన్ను పోయింది. అప్పుడు అతనికి పంతొమ్మిదేళ్లు. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతి ట్యాంకూ ముందు నీళ్ల తొట్టి దగ్గరికే వెళ్లింది.

ఇక మీ బండి సంగతి. వాషర్ కావచ్చన్నారు, చూడటంలో తప్పు లేదు. ట్యాంకు బయట పొడిగుడ్డతో తుడిచి, ఆ రింగు చుట్టూ, కింది అతుకు వెంబడి పలుచగా ముగ్గుపిండి అద్దండి. గంట తర్వాత చూడండి. పెట్రోలు ఎక్కడ పుడుతుందో అక్కడ పిండి తడిసి గీత పడుతుంది. చుక్క రాలేచోటు వేరు, పుట్టేచోటు వేరు. ఇంకొకటి. తాళం తిప్పగానే ఎస్‌యూ పెట్రోలు పంపు టిక్‌టిక్‌మని కొట్టుకుని ఆగిపోతోందా? ఇంజన్ ఆడకుండానే అది కొట్టుకుంటూనే ఉంటే పంపు దాటాక గొట్టంలోనూ లీకు వెతకాలి.

నా అనుమానం మాత్రం ట్యాంకు పైభాగం మీదే. మీ బండిలో ట్యాంకు డిక్కీ నేల కింద వేలాడుతుంది. ఆ రెండింటి మధ్య సన్నని సందు, అందులో రేకులు ఒరుసుకోకుండా పెట్టిన మెత్తని పట్టీలు. చక్రాలు చిమ్మిన బురద అక్కడ చేరుతుంది, పట్టీలు నీళ్లు పీల్చుకుని వదలవు. అందుకే ఈ ట్యాంకులు పైనుంచి తినిపోతాయి. కింద నుంచి చూసేవారికి నల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది. నిండా పోస్తేనే కారడం, ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోలు వెనక్కి జరగగానే వాసన రావడం, రెండూ పైచిల్లు గుర్తులే. మీరు బండి నిలిపేచోటు వాలుగా ఉందా? వానలో తిరిగాక ఇంజన్ ఎప్పుడైనా తడబడిందా? పెట్రోలు బయటికి వచ్చే దారిలోనే నీళ్లు లోపలికి పోతాయి.

ఎర్రబండి:

అయ్యా, ఇంటి ముందు వాలే. బండి ముక్కు పైకి ఉంటుంది. పోయిన నవంబరు వానల్లో రెండుసార్లు ఆగిపోయింది కూడా. కార్బురేటర్ గిన్నెల్లో నీటి బొట్లు, ఎర్రటి మడ్డి కనిపించాయి. బంకు పెట్రోలును తిట్టుకున్నాను. పంపు నాలుగైదుసార్లు కొట్టుకుని ఆగిపోతోంది. ముగ్గుపిండి ఈ రోజే పెట్టాను. రింగు దగ్గర పొడిగానే ఉంది. పై అంచు నుంచి రెండు తడి గీతలు దిగాయి. తిరుపతికి ట్యాంకు తెస్తే మీరు చేస్తారా?

మాటుపని (తిరుపతి):

చేతులు వణుకుతున్నాయమ్మా, పని మానేశాను. చిత్తూరులోనే రేడియేటర్లకు చేత్తో మాటు వేసేవారిని వెతకండి. వెల్డింగ్ షెడ్డు కాదు. వారి దగ్గర ఇది చదివి వినిపించండి.

ముందు వేడినీళ్లు, చాకలి సోడా పోసి బాగా కుదిపి పారబోయాలి. మూడుసార్లు. నాలుగోసారి నింపి రాత్రంతా ఉంచాలి. తర్వాత పైరేకును మెరిసేదాకా రుద్ది, స్క్రూడ్రైవర్ మొనతో చిల్లుల చుట్టూ గట్టిగా నొక్కి చూడాలి. ఎక్కడపడితే అక్కడ దిగబడితే ఆ ట్యాంకుకు మాటు దండగ. ఇంగ్లండులో కొత్తవి తయారవుతున్నాయి, తెప్పించుకోండి. ఒక వరుసలో మాత్రమే చిల్లులుండి మిగతా రేకు గట్టిగా ఉంటే నిశ్చింతగా మాటు వేయించవచ్చు.

చిల్లు పైన ఉండటం ఒక రకంగా మేలే. ట్యాంకును బల్లపరుపుగా పెట్టి దాదాపు నిండా నీళ్లు పోయవచ్చు, ఆవిరికి చోటుండదు. కానీ నీళ్లు రేకుకు తగలకూడదు, వేలెడు కిందే ఆగాలి. తగిలితే వేడంతా నీళ్లే లాగేసుకుంటాయి, మాటు అతకదు. మాటు వేసే రాగి కడ్డీని ట్యాంకుకు దూరంగా, ఆరుబయట కాల్చి తేవాలి. మంట కడ్డీకే, ట్యాంకుకు కాదు. ద్రావకం (తగరం అతకడానికి రేకును శుభ్రం చేసే మందు) పూసి, ముందు రేకుకు కళాయి, అంటే పలుచని తగరం పూత, పట్టించాలి. చూస్తే తెలిసిపోతుంది: వేడి చాలనంతసేపు తగరం పూసలా నిలబడి దొర్లుతుంది, వేడి అందగానే పూస చదునై పాదరసంలా పరుచుకుంటుంది. అలా పరుచుకున్న చోటే అతుకు నిలుస్తుంది. పూసగా నిలిచినదాన్ని ఎంత దట్టంగా పోసినా నెల తిరక్కుండా ఊడుతుంది. కళాయి పట్టాక పలుచని ఇత్తడి రేకు ముక్క పరిచి అంచుల చుట్టూ మాటు నడిపించాలి. చివర సోడా నీళ్లతో ద్రావకం పూర్తిగా కడగాలి. మిగిలితే అదే కొత్త తుప్పుకు విత్తనం.

పరీక్షకు కంప్రెసర్ పెట్టనివ్వకండి, పలుచని రేకు ఉబ్బిపోతుంది. దారులన్నీ మూసి సైకిలు పంపుతో రెండు మూడు నెమ్మది దెబ్బలు, పైన సబ్బునురుగు. అంతే.

పాతబండ్ల పుత్తూరు:

ట్యాంకు దించేవారికి ఒక మాట. 1966 ఎమ్‌జీబీలో సీట్ల వెనక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలుంటాయి, ఎవరూ మార్చకపోయి ఉంటే పాజిటివ్ ఎర్త్. అంటే బాడీకి వెళ్లే పాజిటివ్ వైరును ముందు విప్పాలి. అలవాటుగా నెగెటివ్ మీద స్పానర్ పెడితే, అది బాడీకి తగలగానే నిప్పురవ్వ లేస్తుంది. పెట్రోలు తోడేది ఆరుబయటే, ఇనుప డబ్బాలోకే. ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. పక్క గదిలో పొయ్యి, దేవుడి దగ్గర దీపం కూడా ఆర్పేయండి. నిండు ట్యాంకు సుమారు 54 లీటర్లు, నలభై కిలోల బరువు. ముందు ఖాళీ చేయనిదే బోల్టు ముట్టుకోవద్దు.

పనిలో పనిగా రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పాతకాలపు రబ్బరును అది మెత్తబరుస్తుంది, గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టమని అడిగి మరీ కొనండి.

ఎర్రబండి:

పని పూర్తయింది. ట్యాంకు దించగానే నాన్నగారు కుర్చీ తెప్పించుకుని పక్కనే కూర్చున్నారు. పట్టీలు చేత్తో పిండితే నీళ్లు కారాయి. వాన పడి అప్పటికి తొమ్మిది రోజులు! పట్టీ ఆనిన చోట కంటికి కనిపించినవి మూడు చిల్లులు. రుద్దాక పది తేలాయి, అన్నీ ఒకే వరుసలో జానెడు పొడవున. మిగతా రేకు ఎక్కడా దిగబడలేదు.

గాంధీ రోడ్డు దగ్గర ఒక పెద్దాయన మాటు వేశారు. మీరు రాసింది చదివి వినిపిస్తే "ఇది పని తెలిసిన మనిషి మాట" అని, నీళ్లు ఎంతవరకు పోయాలో పుల్లతో కొలిచి మరీ పోశారు. తగరం పూస చదునైనప్పుడు నాన్నగారు నా చెయ్యి పట్టుకుని "చూడు, చూడు" అన్నారు. నిన్న నిండా పట్టించి, వాలులోనే రాత్రంతా నిలిపాను. ముగ్గుపిండి తెల్లగానే ఉంది. పాత పట్టీల స్థానంలో ఏం పెట్టమంటారు?

మాటుపని (తిరుపతి):

చాలా సంతోషం తల్లీ. స్పాంజీ లాంటిదేదీ వద్దు, నీరు పీల్చని గట్టి రబ్బరు పట్టీ పెట్టండి. అదీ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే ముక్కగా కాదు, మధ్యమధ్యలో రెండు వేళ్ల సందు వదిలి ముక్కలుగా. నీళ్లు చేరినా జారిపోవాలి. మాటు మీద మాత్రం ఏ ముక్కా ఆననివ్వకండి.