కంగల్ మగకుక్క అంటే 90 కిలోలు ఉండాలా? స్టాండర్డ్‌లో నిజంగా ఏముంది?

కళ్యాణదుర్గం_శీను:
అందరికీ నమస్తే. మాకు గొర్రెలు 150 దాకా ఉన్నాయి. పగలంతా మేపి రాత్రికి రైతుల పొలాల్లోనే మంద కడతాం. తోడేళ్ల బాధ ఎప్పట్నుంచో ఉంది, ఈమధ్య గుట్టవైపు చిరుత కూడా తిరుగుతోందంటున్నారు. ఇప్పుడున్నవి నాటు కుక్కలే, మంచివే, కానీ ఇంకో గట్టి కుక్క తోడుంటే బాగుంటుందని మా నాన్న అంటున్నాడు. ఆన్‌లైన్‌లో ఒకతను కంగల్ (టర్కీ మంద కాపలా జాతి) పిల్లలు ఉన్నాయన్నాడు. తండ్రి కుక్క 90 కిలోలట, హెవీ బోన్, సింహం తల అంటూ రోజూ వీడియోలు పంపుతున్నాడు. వేరేచోట 55 కిలోల మగదాన్ని చూశానని చెబితే, అది క్వాలిటీ లేని లైన్ అని కొట్టిపారేశాడు. ఈ వారంలోనే అడ్వాన్స్ వేయమంటున్నాడు. అసలు ఈ జాతికి ఎత్తు, బరువు ఎంత ఉండాలి? కాకేసియన్ షెపర్డ్ జాతి అయితే ఇంకా మంచిదని ఇంకొకరు అంటున్నారు, అది నిజమేనా?

షోరింగ్_హైదరాబాద్:
శీను గారూ, ముందు ఆ అడ్వాన్స్ ఆపండి. ఎఫ్‌సీఐ (కుక్కల జాతుల అంతర్జాతీయ సమాఖ్య) స్టాండర్డ్, అంటే జాతి ఎలా ఉండాలో చెప్పే పత్రం, నంబర్ 331 ప్రకారం కంగల్ మగదానికి మూపు దగ్గర ఎత్తు 72 నుంచి 78 సెంటీమీటర్లు, బరువు 48 నుంచి 60 కిలోలు. ఆడదానికి ఎత్తు 65 నుంచి 73, బరువు 40 నుంచి 50. ఎత్తులో 2 సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారు. అంటే మీరు చూసిన ఆ 55 కిలోలదే సరైన బరువులో ఉంది. 90 కిలోలు నిజమే అయితే అది ఒళ్లంతా కొవ్వు పట్టినదైనా అయ్యుండాలి, మాస్టిఫ్ అనే భారీ జాతి రక్తం కలిసినదైనా అయ్యుండాలి. గంగడోలు వేలాడుతోందా, కింది రెప్ప జారి లోపలి ఎరుపు కనబడుతోందా, మూతి పొట్టిగా ఉందా చూడండి. ఉంటే కలిసిందనే అనుకోండి.

కొలవడం కూడా చెబుతాను, ఎందుకంటే మోసం ఎక్కువగా అక్కడే. కుక్కను చదునైన నేల మీద నాలుగు కాళ్లూ నిటారుగా ఉండేలా నిలబెట్టి, మూపు మీద ఒక చెక్కను అడ్డంగా ఆనించి, ఆ చెక్క అడుగు నుంచి నేలదాకా టేపు పట్టాలి. తల పైనుంచి కొలిచిన లెక్క, వెనక కాళ్ల మీద లేపి మనిషి పక్కన తీసిన ఫోటో, రెండూ పనికిరావు. తర్వాత పక్కటెముకల మీద వేళ్లు పెట్టి నిమరండి, గట్టిగా నొక్కకుండానే ఒక్కో ఎముక చేతికి తెలియాలి. ఎద్దును కొనేటప్పుడు నడిపించి చూసినట్టే దీన్నీ నడిపించాలి, ఆపైన చిన్న పరుగు తీయించాలి. వెనక నుంచి చూసినప్పుడు రెండు మడమలూ ఒకదానికొకటి రాసుకునేంత లోపలికి తిరిగి ఉంటే నేనైతే ఆ కుక్క పిల్లను తీసుకోను, తల ఎంత పెద్దదైనా సరే.

బిగ్‌డాగ్_గుంటూరు:
స్టాండర్డ్ అనేది షోలో జడ్జికి అన్నా, మందకు కాదు. చిరుత వస్తే 50 కిలోల కుక్క ఏం చేస్తుంది చెప్పండి? కాకేసియన్ స్టాండర్డ్‌లో మగదానికి ఎత్తు కనీసం 68, బరువు కనీసం 50 అని మాత్రమే ఉంది, పై హద్దు లేదు. అంటే పెద్దదైతే మంచిదనేగా. నా ఓటు కాకేసియన్‌కే.

టెక్సాస్_మేకలు:
గుంటూరు అన్నా, పై హద్దు లేని మాట నిజమే కానీ ఆ వాక్యాన్ని అక్కడితో ఆపేస్తే ఎలా? పెద్ద సైజు ఒప్పుకునేది శరీరం పొందిగ్గా ఉన్నంతవరకే అని కూడా అందులోనే ఉంది.

మాది ఆస్టిన్‌కి బయట చిన్న మేకల ఫారం, అనటోలియన్ (కంగల్‌కి దగ్గరి టర్కీ కాపలా జాతి) జంట ఉంది, మగది 54 కిలోలు. రాత్రి అది చేసే పని చూస్తే ఈ బరువు గోల ఎందుకో అర్థం కాదు. కయోటీ (ఇక్కడి చిన్న తోడేలు లాంటి జంతువు) అరుపు వినబడగానే ముందు తల ఎత్తి గాలి పీలుస్తుంది, ఆడది మేకల మధ్యకు వెళ్లి నిలబడుతుంది, మగది కంచె పొడవునా మొరుగుతూ ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉంటుంది. పోట్లాట దాకా వచ్చేది చాలా అరుదు. ఇక్కడ ఒక జంతువు ఉంది, అది నీకంటే ముందే నిన్ను పసిగట్టింది అని అవతలిదానికి తెలియజేయడమే సగం కాపలా. అలా రాత్రంతా తిరగాలంటే లోతైన ఛాతీ, పొడవాటి కాళ్లు, గట్టి పాదాలు కావాలి. 90 కిలోలు మోసుకుంటూ మన ఎండల్లో అది తిరగలేదు. నమీబియాలో చీతాల నుంచి మేకల్ని కాపాడటానికి చీతా కన్జర్వేషన్ ఫండ్ వాళ్లు 1994 నుంచి ఈ కుక్కల్నే రైతులకు ఇస్తున్నారు, అక్కడి ఎండ అనంతపురం ఎండకు తీసిపోదు. కాకేసియన్ కొండల చలికి పుట్టినది, ఆ బొచ్చుతో మే నెలలో కళ్యాణదుర్గంలో దాన్ని పెట్టడం దానికి శిక్షే.

వెట్_గన్నవరం:
బరువు గురించి ఇంకో మాట, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. బోన్ రావాలని పిల్లకు మూడో నెల నుంచే కాల్షియం సిరప్ పోసేస్తున్నారు. పెద్ద జాతుల పిల్లల్లో చిన్న వయసులో పేగులు కాల్షియాన్ని అవసరానికి మించి వచ్చినా ఆపలేవు, అదంతా ఎముకల్లోకి చేరి కీళ్లు దెబ్బతింటాయి. ఇవి పూర్తిగా ఎదగడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది, ఎదిగినన్నాళ్లూ కాస్త సన్నగా ఉంటేనే మేలు. తొందరగా లావెక్కించిన పిల్లల్లో తుంటి కీలు సమస్య బాగా ఎక్కువ కనబడుతుంది. అమ్మేవాణ్ని తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. సింహం తల వీడియో పంపగలిగినవాడు ఎక్స్‌రే ఫోటో కూడా పంపగలడు.

కళ్యాణదుర్గం_శీను:
అందరికీ చాలా థ్యాంక్స్. ఎక్స్‌రే అడిగాను, మెసేజ్ చూశాడు కానీ మళ్లీ రిప్లయ్ లేదు. 55 కిలోలదాని పిల్లల్ని వెళ్లి చూద్దామనుకుంటున్నాం. మరి చిరుత సంగతి ఏం చేయాలి? కంగల్ తెస్తే నాటు కుక్కల్ని తీసేయాలా?

టెక్సాస్_మేకలు:
తీసేయొద్దు శీనూ. మీ నాటు కుక్కలకు ఆ గుట్ట, ఆ దారులు, ఆ వాసనలు తెలుసు, అవే ముందు మొరుగుతాయి. కొత్త పిల్లను రెండో నెల నుంచే గొర్రెల పక్కన కట్టిన చిన్న దొడ్డిలో పెంచండి, ఇంట్లో పిల్లలతో ఆడించి పెద్దయ్యాక మందలోకి తోలితే అది మంద వైపు చూడదు. గొర్రెపిల్లల వెంటపడి పరిగెత్తితే ఆ మొదటి రోజే అదిలించాలి, ఏడాదిన్నర దాటేదాకా ఒంటరిగా మంద అప్పగించొద్దు.

షోరింగ్_హైదరాబాద్:
చిరుత విషయంలో ఏ కుక్కనూ నమ్ముకోవద్దు. దానికి కుక్కే మేత, ఎంత పెద్దదైనా ఒంటరిగా కట్టేసి ఉంటే ప్రాణం పోతుంది. రాత్రి మంద చుట్టూ ఎత్తైన వల, ఒక లైటు, కట్టేయకుండా వదిలిన రెండు మూడు కుక్కలు, వాటి మెడలకు మేకుల పట్టీలు ఉండాలి. టర్కీ కాపరులు తోడేళ్ల కోసం ఎప్పట్నుంచో కడుతున్న పట్టీలే అవి, ఇక్కడ ఏ కమ్మరినడిగినా చేసిస్తాడు. ఇంకోటి, 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపమని పంపిన సర్క్యులర్‌లో కంగల్ పేరు కూడా ఉంది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా కొనేముందు మీ పంచాయతీలోనూ, పశువుల డాక్టరు గారి దగ్గరా ఒకసారి అడిగి, కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితాల మీద ఉన్న మైక్రోచిప్ నంబరు పిల్ల మెడ దగ్గర స్కాన్ చేయించి సరిచూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.