కొత్త ల్యాప్‌టాప్‌తో అంటగట్టే సాఫ్ట్‌వేర్: ఏది పీకాలి, ఏది ఉంచాలి?

పెసరట్టు64: విండోస్ 11 హోమ్ ల్యాప్‌టాప్. మెకాఫీ యాంటీవైరస్ ట్రయల్, నాలుగు గేమ్‌లు, ల్యాప్‌టాప్ కంపెనీ యాప్‌లు ఆరు. ఏవి తీసేయొచ్చు?

నల్లమల: ముందు మెకాఫీ. సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కి వెళ్లి తీసేసి రీస్టార్ట్ చేయండి. ముక్కలు మిగిలితే వాళ్లదే ఎంసీపీఆర్ టూల్ ఉంది, దాన్ని నడపండి. విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ మామూలుగా దానంతటదే ఆన్ అవుతుంది, అయినా విండోస్ సెక్యూరిటీ తెరిచి చూసుకోండి. కంపెనీ యాప్‌లను మాత్రం గుడ్డిగా పీకొద్దు. బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపడం, ఫ్యాన్ మోడ్‌లు చాలా మోడళ్లలో వాటి చేతిలోనే ఉంటాయి.

కృష్ణాతీరం: గేమ్‌లతో ఒక తిరకాసు ఉంది. స్టార్ట్ మెనూలో అన్‌ఇన్‌స్టాల్ కొడితే మీ అకౌంట్‌లోంచే పోతాయి. మూల ప్యాకేజీ విండోస్‌లో ఉండిపోయిందనుకోండి, పిల్లలకి కొత్త అకౌంట్ పెట్టగానే మళ్లీ ప్రత్యక్షం! అడ్మిన్ పవర్‌షెల్‌లో (అడ్మిన్ హక్కులతో తెరిచే కమాండ్ విండో) ప్రొవిజన్డ్ ప్యాకేజీల, అంటే ప్రతి కొత్త అకౌంట్‌కీ విండోస్ వేసే యాప్‌ల జాబితా తెప్పించి, అక్కణ్నుంచి రిమూవ్ చేయాలి. మైక్రోసాఫ్ట్ స్టోర్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

పెసరట్టు64: ఇంత తతంగం ఎందుకండీ, రీసెట్ కొడితే పోవా?

నల్లమల: పోవు. కంపెనీ పెట్టిన ప్యాకేజీలు సీ డ్రైవ్‌లో దాచిన రికవరీ ఫోల్డర్ నుంచి మళ్లీ వచ్చి కూర్చుంటాయి. 8 జీబీ పెన్‌డ్రైవ్, మీడియా క్రియేషన్ టూల్‌తో క్లీన్ ఇన్‌స్టాల్ చేయండి. విండోస్ లైసెన్స్ కీ బయాస్‌లోనే (మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ప్రోగ్రామ్) ఉంటుంది, హోమ్‌తో వచ్చిన దాంట్లో హోమే వేయాలి. ల్యాప్‌టాప్‌తో ఆఫీస్ వచ్చుంటే ముందే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో యాక్టివేట్ చేసుకోండి. వైఫై డ్రైవర్ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

అసలు చిక్కు ఇంటెల్ 11వ తరం, ఆ పై వాటిలో. చాలా మోడళ్లలో వీఎండీ (ఎస్‌ఎస్‌డీని ఇంటెల్ కంట్రోలర్ వెనక పెట్టే సెట్టింగ్) ఆన్‌లో ఉంటుంది. సెటప్‌లో డిస్క్‌ల జాబితా ఖాళీగా కనపడుతుంది. ఎస్‌ఎస్‌డీ పోయిందనుకుని జనం సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తేది ఇక్కడే. ఇంటెల్ వారి స్టోరేజ్ డ్రైవర్ ఐఆర్‌ఎస్‌టీని విప్పి, ఐఎన్‌ఎఫ్ (డ్రైవర్ వివరాల) ఫైల్ ఉన్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, లోడ్ డ్రైవర్ నొక్కి చూపించండి. సెటప్‌కి ఈఎక్స్‌ఈ ఇస్తే పట్టించుకోదు.

ఎర్రమట్టి: అంతా తుడిచి వేసినా కంపెనీ యాప్ తిరిగొస్తోందంటే డబ్ల్యూపీబీటీని అనుమానించండి. బయాస్‌లో దాచిన ప్రోగ్రామ్‌ను విండోస్ బూట్ అయ్యేటప్పుడు తెచ్చి నడుపుతుంది. 2015లో లెనోవో సర్వీస్ ఇంజన్ గొడవ ఇదే, చివరికి బయాస్ అప్‌డేట్‌తో తీశారు. అదే ఏడాది లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయటపడ్డ సూపర్‌ఫిష్ అనే యాడ్‌వేర్ వేరే రకం: యాప్ తీసినా రూట్ సర్టిఫికెట్ (ఏ సైట్‌ను నమ్మాలో విండోస్‌కి చెప్పేది) మిగిలేది, దాన్ని విడిగా తుడవాల్సొచ్చేది. ఏసస్ గేమింగ్ బోర్డుల్లో అయితే బయాస్‌లోనే ఆర్మరీ క్రేట్ (ఏసస్ సొంత యాప్) స్విచ్ ఉంటుంది. విండోస్ వేయకముందే దాన్ని డిసేబుల్ చేసేయండి.