ఫ్లైవైర్ కనెక్టోమ్‌ను ఆర్ఎన్ఎన్ వెయిట్లుగా పెడితే యాక్టివేషన్లు అదుపు తప్పుతున్నాయి

ప్రశ్న (స్పార్స్_మ్యాట్రిక్స్): 2024 అక్టోబరులో నేచర్‌లో వచ్చిన ఫ్లైవైర్ కనెక్టోమ్‌లో, అంటే ఆడ పండ్ల ఈగ మెదడు వైరింగ్ మ్యాప్‌లో, 1,39,255 న్యూరాన్లున్నాయి. న్యూరాన్ల మధ్య ఉన్న సినాప్సుల (కలిసే చోట్ల) లెక్కలనే ఆర్ఎన్ఎన్‌లో, అంటే అవుట్‌పుట్‌ను తిరిగి తనకే ఇచ్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌లో, రికరెంట్ వెయిట్లుగా పెడితే కొద్ది స్టెప్పుల్లోనే అంతా ఇన్ఫినిటీకి పోతోంది. ఎక్కడ సరిచేయాలి?

న్యూరోపిల్: ముందు టేబుల్ చదివిన తీరు చూడండి. న్యూరాన్ల ఐడీలు 18 అంకెలవి. ఫ్లోట్‌గా లోడైతే చివరి అంకెలు మారిపోతాయి, ఎర్రర్ కూడా రాదు. డీటైప్ ఇంట్64 అని ఇవ్వండి. ఒకే న్యూరాన్ల జత ఒక్కో న్యూరోపిల్‌కు (మెదడులోని ప్రాంతానికి) ఒక్కో వరుసగా ఉంటుంది, గ్రూప్‌బై చేసి కలపండి. 5 కన్నా తక్కువ సినాప్సులున్న జతలు తీసేయండి, ఆటోమేటిక్ గుర్తింపులో పొరపాట్లు అక్కడే ఎక్కువ. డెన్స్ మ్యాట్రిక్స్ జోలికి పోవద్దు, ఫ్లోట్32లోనే దాదాపు 78 జీబీ.

గాబా_ప్లస్: అసలు జబ్బు ప్లస్ మైనస్‌ల దగ్గరుంది. లెక్కలన్నీ పాజిటివ్ కాబట్టి మీ నెట్‌వర్క్‌లో ఆపేవాళ్లే లేరు. న్యూరాన్ విడుదల చేసే రసాయనాన్ని బట్టి గుర్తు పెట్టండి: ఎసిటైల్‌కోలిన్‌కు ప్లస్, గాబాకు మైనస్. గ్లూటమేట్ దగ్గర జాగ్రత్త: మన మెదడులో అది ప్రధానంగా ఉత్తేజకం, ఈగ మెదడులో మాత్రం క్లోరైడ్ చానెళ్ల వల్ల ఎక్కువగా నిరోధకం. మైనసే పెట్టండి. డోపమిన్, సెరటోనిన్, ఆక్టోపమిన్‌లను ఒక గుర్తుకు కుదించలేం, మొదట పక్కన ఉంచండి. గుర్తు న్యూరాన్‌కు ఒకటే, కనెక్షన్‌కు ఒకటి కాదు. తర్వాత ప్రతి న్యూరాన్‌కు వచ్చే వెయిట్లను దాని మొత్తం ఇన్‌పుట్ సినాప్సులతో భాగించండి. అప్పుడు స్పెక్ట్రల్ రేడియస్ (స్టెప్పులు గడిచేకొద్దీ సంకేతం ఎన్ని రెట్ల చొప్పున పెరుగుతుందో చెప్పే సంఖ్య) 1 దాటదు. గెయిన్ (వెయిట్లన్నిటినీ గుణించే సంఖ్య) అక్కడి నుంచి మెల్లగా పెంచుకోవచ్చు.

స్పార్స్_మ్యాట్రిక్స్: ట్రైనింగ్‌లో అన్ని వెయిట్లనూ స్వేచ్ఛగా మారనివ్వొచ్చా?

కంట్రోల్_రన్: వద్దండి, అలా మారనిస్తే కనెక్టోమ్ కేవలం ఇనిషియలైజేషన్‌గా మిగులుతుంది. సినాప్స్ లెక్కలు స్థిరంగా ఉంచి, కణ రకాల జతకు ఒక స్కేల్, రకానికి ఒక టైమ్ కాన్‌స్టంట్, ఒక రెస్టింగ్ పొటెన్షియల్ మాత్రమే నేర్పండి. 2024లో వచ్చిన ఈగ దృష్టి మోడల్ ఈ దారిదే: 64 కణ రకాలు, 734 పారామీటర్లు. కదలికను అంచనా వేయడం నేర్పితే చాలు, కదలిక దిశను పసిగట్టే టీ4, టీ5 కణాల దిశా స్పందన దానంతటదే వచ్చింది. ఇన్-డిగ్రీ, అవుట్-డిగ్రీ (ఒక్కో న్యూరాన్‌కు వచ్చే, పోయే కనెక్షన్ల సంఖ్య), గుర్తులు చెదరకుండా కనెక్షన్లు తారుమారు చేసిన నెట్‌వర్క్‌ను కూడా తప్పక నడపండి. రెండూ సమంగా వస్తే వైరింగ్ వల్ల లాభమని చెప్పడానికి వీల్లేదు.

న్యూరోపిల్: జీపీయూ చిన్నదైతే ఈగ మెదడులో వాసనలను నేర్చుకునే భాగమైన మష్రూమ్ బాడీతో మొదలుపెట్టండి. అందులో ఒక్కో వైపు సుమారు 2,000 కెన్యన్ కణాలు అనే న్యూరాన్లు, ఒక్కోదానికి దాదాపు 6 ఇన్‌పుట్లు. ఏపీఎల్ అనే ఒక్క న్యూరాన్ వాటన్నిటినీ అణచి 5 శాతం దాకానే పలకనిస్తుంది. కోడ్‌లో టాప్-100 ఉంచి మిగతావి సున్నా చేయడమే. నేర్చుకోవడం జరిగేది కెన్యన్ కణాల అవుట్‌పుట్ సినాప్సుల్లో, డోపమిన్ సంకేతంతో. అక్కడ బ్యాక్‌ప్రాప్ (తప్పును నెట్‌వర్క్ అంతటా వెనక్కి పంపి వెయిట్లు సరిచేయడం) అక్కర్లేదు, ఆ సినాప్స్ దగ్గరున్న సంకేతాలతోనే నడిచే లోకల్ రూల్ సరిపోతుంది.